సణుగుడమ్మ చేతులు

ఆ సందులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. సణుగుడమ్మ ఇల్లెక్కడంటే చాలు, కుళాయి దగ్గర బిందె పట్టుకున్న పిల్లలు కూడా రేకుల ఇల్లు చూపించేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. బస్టాండు దగ్గరి లాడ్జీల దుప్పట్లన్నీ ఆవిడే ఉతికేది. సిమెంటు తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుందంటే దుప్పటి కన్నా ముందు మనుషుల్ని జాడించేది. "వీడు బూట్లతోనే పడుకున్నట్టున్నాడు. వీడి మొహానికి దుప్పటొకటా, గోనెసంచి చాలు." "ఇదిగో, ఇక్కడెవరో మంచం మీదే కూర ఒలకబోసుకున్నారు. తినడం కూడా నేర్పకుండా వదిలేశారు కాబోలు ఇంట్లో." ఆ తిట్లు వినడానికి పక్కింటి కుట్టుపనావిడ చేతిలో గుడ్డా సూదీ పట్టుకుని మరీ వచ్చి గుమ్మంలో కూర్చునేది.

సణుగుడులో సగం లాడ్జీ జనం గురించైతే, మిగతా సగం చేతుల గురించి. బ్లీచింగ్ నీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన చేతులవి. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి లోపలి ఎరుపు కనపడేది. గోళ్ళు మెత్తబడి వంకర్లు పోయాయి. నిమ్మకాయ పిండమంటే ఏడుపొచ్చేది. రబ్బరు తొడుగులు వేసుకుని చూసింది, తడి దుప్పటి జారిపోతోంది, లోపలికి నీళ్ళు చేరి పుండ్లు ఇంకా ఒరుసుకుపోతున్నాయి. తీసి అవతల పారేసింది. సాయంత్రం పనయ్యాక పక్కింటావిడ కొబ్బరినూనె గిన్నెతో వచ్చి, ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలికీ రాసేది.

"ఎన్నాళ్ళక్కా ఈ తొట్టి?"

"కాటికి పోయేదాకా. అక్కడ కూడా దుప్పట్లు ఉతకమంటారేమో, ఎవరు చూడొచ్చారు!"

ఆవిడకు ఉన్న కోరికల్లా ఒకటే, బట్టలుతికే పెద్ద మిషను. ఆసుపత్రిలో ఒకసారి చూసింది. దుప్పట్లు లోపల పడేసి, గుండ్రటి తలుపు మూసి, ఒక మనిషి పక్కనే నిలబడి ఆవులిస్తున్నాడు. ఆ ఆవులింత చూసి ఆవిడకు కడుపు మండిపోయింది.

అలాంటి రోజుల్లో ప్రార్థన మందిరం మేడ మీద కుర్రకారుకు వ్యాపార శిక్షణ మొదలైంది. నేర్పడానికి వచ్చినాయనకు సందు వాళ్ళు చిరునవ్వు సారు అని పేరు పెట్టారు. ఆయన పళ్ళు పెదాల వెనక్కి వెళ్ళడం ఎవరూ చూడలేదు. చావింటికి పరామర్శకు వచ్చినప్పుడూ అదే మొహం. "లేదు, కాదు, రాదు, ఈ మూడు మాటలూ చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలి రండి" అనేవాడు. నోటితో ఏదంటే దేవుడు అదే ఇస్తాడనేవాడు. బాగా నడిచిన వ్యాపారాన్ని చూడ్డానికి దాతలు వస్తారనీ, కావలసిన యంత్రం వాళ్ళే కొనిస్తారనీ కూడా చెప్పాడు. ఆ చివరి మాట విని సణుగుడమ్మ కూతుర్ని తనే తీసుకెళ్ళి మేడ ఎక్కించింది.

కూతురు తెలివైన పిల్ల. ముందు అద్దం ముందు నవ్వడం నేర్చుకుంది. తర్వాత తల్లిని దిద్దడం మొదలుపెట్టింది.

"అమ్మా, మంట మంట అనకు."

"మండుతుంటే మరేమనాలే?"

"నా చేతులు బాగున్నాయి అను."

"అంటే వింటాయా? చేతులకి చెవులు మొలిచాయా?"

వెటకారం చేసింది గానీ మంట అన్న మాట మానేసింది. మిషను రావాలి, అది వస్తేనే తన చేతులు బతుకుతాయి. దానికోసం నోరు కట్టేసుకుంది. తొట్టి దగ్గర తిట్లు ఆగిపోయాయి. పక్కింటావిడ గుడ్డా సూదీ పట్టుకుని వచ్చి, కాసేపు కూర్చుని, ఏమీ తోచక లేచి వెళ్ళిపోయేది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ శిక్షణ వల్ల సందు బాగుపడింది. పేకాటలో పొద్దు గడిపే వెధవ ఒకడు టీ బండి పెట్టుకుని మనిషయ్యాడు. కూతురు ఉతికిన దుప్పట్లను మడత నలగకుండా కాగితంలో చుట్టి, లాడ్జీ మేనేజర్లతో గలగలా మాట్లాడి కొత్త గిరాకీ తెచ్చింది. ఇంటి రేకుల చిల్లులు పూడాయి. చిరునవ్వు సారు ప్రతి సభలోనూ ఆ పిల్లను వేదిక ఎక్కించేవాడు. కానీ గిరాకీ పెరిగితే దుప్పట్లు పెరుగుతాయి, అవి పడేది తొట్టిలో, తొట్టి ముందున్నది తల్లి. ఈ లెక్క వేదిక మీద ఎవరూ చెప్పలేదు.

దాతలు వస్తున్నారన్న కబురొచ్చింది. ముందురోజు చిరునవ్వు సారు ఇల్లు చూసుకోవడానికి వచ్చి సణుగుడమ్మ చేతుల దగ్గర ఆగిపోయాడు. "అమ్మగారిని కాసేపు లోపల కూర్చోబెడదాం. వచ్చినవాళ్ళు ఆనందంగా వెళ్ళాలి" అన్నాడు, నవ్వుతూనే.

మర్నాడు ఆవిడ లోపలిగదిలో తెర వెనక కూర్చుంది. బయట ఎవరో పెద్దావిడ గొంతు, దుప్పటి విప్పిన చప్పుడు.

"అబ్బ, ఎంత తెల్లగా ఉందో! ఏ మిషను మీద ఉతికారమ్మా?"

తెర వెనక సణుగుడమ్మ ముందుకు జరిగింది. మిషను లేదండీ అని ఒక్క మాట అంటే చాలు. కానీ 'లేదు' అన్న మాటను కూతురు చెప్పులతో పాటు బయటే వదిలేసింది.

"చేత్తోనే అండీ! ప్రేమగా ఉతుకుతాం."

"చేత్తోనా! మిషనుకి ఈ తెలుపు వస్తుందా? దీన్ని ఇలాగే కాపాడుకోవాలి. మరి మీకేమన్నా ఇబ్బందులున్నాయా తల్లీ?"

"అంతా బాగుందండీ."

సందు చివరిదాకా వినపడేలా అరవగల మనిషి. లేచి తెర పక్కకు లాగితే చేతులే మాట్లాడేవి. పిల్ల పరువు పోతుందని లేవలేదు. ఆఖర్న పిల్లే చెబుతుందిలే అని కూడా అనుకుంది. ఆఖర్న చప్పట్లు వినపడ్డాయి.

దాతలు కొనిచ్చిన మిషను శిక్షణలోనే ఉన్న టైలరింగు షాపు కుర్రాడికి పోయింది, అదీ ఇస్త్రీ మిషను. వీళ్ళకు "ప్రేమతో చేతి ఉతుకు" అని రంగుల బోర్డు వచ్చింది. దాంతోపాటు దాతల అతిథి గృహాల దుప్పట్లన్నీ వచ్చాయి.

"మా అమ్మ చేతులు చూడండని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేదే?" అని తల్లి అడిగింది.

"అలా అంటే అడుక్కున్నట్టుంటుందమ్మా. మనం అడుక్కునేవాళ్ళం కాదు."

"కాదు అన్నావు. పో, చెప్పుల దగ్గర పెట్టిరా ఆ మాట."

ఇద్దరికీ నవ్వు రాలేదు.

పని మీద పడ్డాక కుడిచేతి చూపుడు వేలు చీము పట్టి వాచింది. డాక్టరు కోసి కట్టు కట్టి, "ఇంకోసారి ఇలా వస్తే వేలే తీసెయ్యాలి. నీళ్ళలో చెయ్యి పెట్టకు" అన్నాడు. కూతురికి భయం వేసింది. నిజంగానే వేసింది, తల్లి మీద ఆ మాత్రం ప్రేమ ఉంది పిల్లకు. చిరునవ్వు సారుతో మాట్లాడి దారి కనిపెట్టింది. సందులో ఆడపిల్లలకు చేతి ఉతుకు నేర్పుతారు, తల్లి కుర్చీలో కూర్చుని పని చూపిస్తే చాలు.

మొదటివిడత ఇద్దరు పిల్లలొచ్చారు. "చేతులు మండుతాయా?" అని అడిగారు. సణుగుడమ్మ కట్టు విప్పి చూపించింది. వాళ్ళు మర్నాటి నుంచి రాలేదు. దుప్పట్లు మాత్రం వచ్చాయి. ఆవిడ కట్టు మీద ప్లాస్టిక్కు సంచి చుట్టుకుని తొట్టి ముందు కూర్చుంది. సంచిలోకి నీళ్ళు పోయాయి. వేలు మళ్ళీ సలపడం మొదలైంది.

ఆ తర్వాత వచ్చింది కుట్టుపనావిడ కూతురు. తల్లే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "నీ దగ్గరైతే నా పిల్లకి భయం లేదక్కా" అని కుర్చీ పక్కన నిలబెట్టి వెళ్ళింది. సన్నటి వేళ్ళు, తల్లి దగ్గర పూలు కుట్టడం నేర్చుకున్న వేళ్ళు. ఆ పిల్ల తొట్టిలో చెయ్యి ముంచి చటుక్కున తీసేసింది.

"పెద్దమ్మా, మండుతోంది. రోజూ ఇలాగే ఉంటుందా?"

గుమ్మంలో కూతురు నిలబడి చూస్తోంది. సణుగుడమ్మ వాచిన వేలిని ఒళ్ళో దాచుకుంది. నిజం ఆవిడకు తెలిసినంతగా ఆ సందులో ఇంకెవరికీ తెలియదు. నిజం చెబితే రేపు ఆ పీట మీద ఎవరు కూర్చోవాలో కూడా తెలుసు.

"మంటేం లేదు. మండుతుందనుకుంటే మండుతుంది" అంది. ఎడమ చేత్తో పిల్ల మణికట్టు పట్టుకుని మోచేతిదాకా నీళ్ళలోకి నొక్కింది. "అను. నా చేతులు బాగున్నాయి, అను."

పిల్ల అంది.

కొన్నాళ్ళకు సణుగుడమ్మ వేలు మానింది. పగుళ్ళు పూడాయి, గోళ్ళు గట్టిపడ్డాయి. ఒక సాయంత్రం పక్కింటావిడ నూనె గిన్నెతో వచ్చింది. గిన్నెలో నూనె అడుగంటింది.

"అక్కా, పిల్ల వేళ్ళు పగిలిపోతున్నాయే. సూది పట్టుకోలేకపోతోంది. నీకు తెలియంది కాదు, నిజం చెప్పు. తగ్గుతుందా?"

సణుగుడమ్మ రెండు చేతులూ దీపం వెలుగులో చాపింది.

"తగ్గకేం? నావి తగ్గలా? చూడు."

పక్కింటావిడ ఆ చేతుల్ని ఒళ్ళోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. వచ్చింది ఎలాగూ వచ్చాను కదా అని, గిన్నెలో మిగిలిన నూనె వేలితో తీసి వాటికే రాసింది.