మూడు లెక్కపెట్టేదాకా

మొన్న శనివారం మధ్యాహ్నం, పురానాపూల్లో మా బావ ఇంట్లో టీవీ ముందు కూర్చుని, కుస్తీ వ్యాఖ్యాత "నా జీవితంలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు" అని అరవడం ఆ ఒక్క పూటలోనే ఐదోసారి విన్నాక, డైరీలో నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా గీసి, ఈ మనిషి జీవితం ఎంత పొట్టిదో కదా అనుకున్నాను. అంతకుముందు శనివారం కూడా ఇదే మాట, ఇదే గొంతు, ఇదే ఆశ్చర్యం. అప్పుడు కూడా ఒకడు ఇంకొకడిని ఇనుప కుర్చీతో వీపు మీద బాదాడు, అప్పుడు కూడా రిఫరీ సరిగ్గా ఆ క్షణంలోనే అటు తిరిగి తాళ్లు సరిచూసుకున్నాడు. బస్సు డిపోలో ముప్పైమూడేళ్లు బండ్ల వేళల పట్టికలు రాసి రిటైరైనవాణ్ణి నేను. ఒకే పొరపాటు ప్రతివారం ఒకే నిమిషంలో జరుగుతుంటే దాన్ని పొరపాటు అనరు, టైంటేబుల్ అంటారు.

ఇక ఆ మల్లుల సంగతి. నడిచి రావడానికి నాలుగు నిమిషాలు, దానికొక పాట, పొగ, రంగురంగుల దీపాలు. వచ్చాక మైకు పట్టుకుని ఎదుటివాణ్ణి తిట్టడానికి ఆరు నిమిషాలు. తీరా కుస్తీ రెండున్నర నిమిషాలు. ఇవన్నీ గడియారం చూసి రాసుకున్న లెక్కలే. బావకు ప్రాణమైన నెరిసిన గడ్డపాయన ఒకడున్నాడు, వాడు కన్నీళ్లు పెట్టుకుని కుస్తీ మానేస్తున్నానని ప్రకటించడం నా డైరీల ప్రకారం మూడుసార్లు, తిరిగి రావడం నాలుగుసార్లు. ఈ లెక్క ఎలా కుదురుతుందని బావను అడిగితే, ఒకసారి చెప్పకుండానే పోయిండులే అంటాడు. లోపల వంటింట్లోంచి మా అక్క మాత్రం ఇద్దరినీ కలిపే తిడుతుంది. "ఒక్కరికి డెబ్బై దాటినయి, ఒక్కరికి ఎనభై ఒస్తున్నయి. చెడ్డీలేసుకున్నోళ్లను చూసుకుంట కూసుంటరు. తమ్మీ, గా చాయ్ సల్లగైతుంది, రాసుడు ఆపి తాగు."

ఇంత విసుగు పడేవాణ్ణి జహనుమా నుంచి బస్సెక్కి ప్రతి శనివారం అక్కడికి ఎందుకు వెళతానని మీరు అడగవచ్చు. మా బావకూ నాకూ మధ్య మాటలు నిలబడేది ఆ టీవీ ముందు మాత్రమే, అంతకుమించి జవాబు లేదు. అలాంటి బావ మొన్న, నేను ఐదో గీత గీస్తుండగా, టీవీ మీది నుంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు.

"బామ్మర్దీ, గా దినం గురించి నీ డైరీల ఏం రాసుకున్నవ్?"

ఏ దినమని నేను అడగలేదు. నలభై ఏళ్లుగా మేమిద్దరం నోరెత్తని రోజు ఒక్కటే ఉంది.

మా తరం వాళ్లకు తాలీం అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. పాతబస్తీలో బస్తీకొకటి ఉండేది. నాలుగు గోడలు, పైన రేకులు, మధ్యలో కుస్తీ పట్టే ఎర్రమట్టి గుంట. ఆ మట్టిని జల్లెడ పట్టి, పసుపూ మజ్జిగా నూనే కలిపి, రోజూ తవ్వి మెత్తగా ఉంచేవారు. మా బావ పాలవ్యాపారం చేసే ఇంటివాడు. తెల్లవారి బర్రెల పాలు పితికి, ఇళ్లకు పోసి వచ్చి, తాలీంలో దిగితే పొద్దెక్కేదాకా బయటికి వచ్చేవాడు కాదు. అక్క పెళ్లయిన కొత్తలో, మొగుడి ఒంటికి అంటిన ఆ మట్టి వాసన వల్ల ఇంట్లో పెట్టిన అన్నం కూడా పసుపు వాసనే వస్తుందని మా అమ్మతో చెప్పుకుని నవ్వేది. నాకు కుస్తీ పట్టే ఒళ్లు లేదు. కానీ నా దస్తూరి బాగుంటుందని, వేళ తప్పనని పేరుండటంతో, తాలీం ఉస్తాద్ నాకు జోడీల పుస్తకం అప్పజెప్పారు. ఎవరితో ఎవరు తలపడ్డారు, ఎంతసేపు పట్టింది, ఏ పట్టుతో పడ్డారు, అన్నీ రాసేవాణ్ణి. పుస్తకంలో ఒక కాపీ, ఇంటికి వచ్చాక డైరీలో ఇంకొకటి.

ఉస్తాద్ అప్పటికే పెద్దవారు. మోకాళ్లు పట్టేశాయి. ఆ ఏటి దంగల్, అంటే కుస్తీల పోటీ, అయ్యాక తాలీంను ఒక శిష్యుడికి అప్పగించి తప్పుకుంటానని అందరి ముందూ చెప్పేశారు. బావకు అప్పుడు ముప్పైఎనిమిదేళ్లు, అదే చివరి దంగల్ అనుకున్నాడు. పొరుగు తాలీం నుంచి వచ్చే ఇరవైరెండేళ్ల కుర్ర పహిల్వాన్‌తో జోడీ కుదిరింది. ఆ కుస్తీలో బావ గెలిచినా, కనీసం బరాబర్‌గా నిలిచినా, ఉస్తాద్ గుర్తయిన తలపాగా, ఆ పగిడీ, ఆయన తలకే కడతారని బస్తీ అంతా అనుకునేది. కొత్త పిల్లలను మట్టిలో నిలబెట్టి నేర్పడం తప్ప మా బావ జీవితంలో దేన్నీ అంతగా కోరుకోలేదు. ఆ నెల రోజులూ బర్రెల దగ్గర పాలు పితుకుతూ కూడా, ఒకటో పాఠం ఏం చెప్పాలో రెండో పాఠం ఏం చెప్పాలో గొణుక్కునేవాడని అక్క చెప్పింది.

దంగల్ రోజున మైకులో చెప్పే మనిషి రాలేదు. ఆయన మామూలుగా పడ్డవాణ్ణి కూడా సింహంలా పడ్డాడనేవాడు, అల్లానీ, పోచమ్మ తల్లినీ ఒక్క ఊపిరిలో పిలిచేవాడు, జనాన్ని లేపి కూర్చోబెట్టేవాడు. ఆయనకు గొంతు పూడిపోయిందని కబురు వచ్చింది. ఎవరో పుస్తకం చేతిలో ఉన్న నన్ను చూపించారు. నేను వద్దన్నాను, నిజంగానే వద్దన్నాను, అది కూడా డైరీలో ఉంది.

నేనెలా చెప్పి ఉంటానో మీరు ఊహించగలరు. మూడో నిమిషం, కుడి చెయ్యి దొరికింది. నాలుగో నిమిషం, విడిపించుకున్నాడు. ఐదో నిమిషం, ఇద్దరూ నిలబడి ఉన్నారు. మొదటి రెండు జోడీలు ఓపిక పట్టిన జనం మూడోదానికి తిరగబడ్డారు. గోడ మీద కూర్చున్న ఒకాయన గట్టిగా, "ఓ భాయ్! కుస్తీ చెప్తున్నవా, ఫలక్‌నుమా బస్సు టైం చెప్తున్నవా?" అని అరిచాడు. ఇంకొకాయన, "గా బస్సు గూడ లేటే ఒస్తది, ఈన లేటు గూడ గాడు!" అన్నాడు. తాలీం తాలీమంతా పగలబడి నవ్వింది, ఉస్తాద్ కూడా మీసాల్లో నవ్వారు. నాకు కోపం వచ్చింది. జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పడం తప్పెలా అవుతుందని పంతం పట్టి, ఇంకా కచ్చితంగా చెప్పడం మొదలుపెట్టాను.

ఆ పంతంలో ఉండగానే బావ జోడీ వచ్చింది. పదమూడు నిమిషాలు వాళ్లిద్దరూ ఒకరినొకరు కదిలించలేకపోయారు. పద్నాలుగో నిమిషంలో ఆ కుర్రవాడు కిందికి దూరి, తొడ పట్టి లేపి, గుంట అంచున పడేశాడు. తీర్పు చెప్పేది ఉస్తాదే. ఆయన గుంటలోనే, బావ తల దగ్గర వంగి ఉన్నారు. నేను ఎత్తు మీద బల్ల వేసుకుని కూర్చున్నాను కనుక నాకు పక్క నుంచి స్పష్టంగా కనపడింది. రెండు భుజాలూ మట్టికి ఆనాయి. మన కుస్తీలో భుజాలు ఆనితే చిత్, అంతే, ఆ తర్వాత ఇంకేమీ లేదు. నేను మైకులో చెప్పేశాను. "పద్నాలుగో నిమిషం. చిత్. రెండు భుజాలు ఆనినయి."

ఉస్తాద్ తలెత్తి నా వైపు చూశారు.

"పక్కా?" అన్నారు ఆయన.

"పక్కా, ఉస్తాద్."

ఆయన మెల్లగా చెయ్యెత్తారు. పొరుగు తాలీం వాళ్లు గుంటలోకి దూకి కుర్రవాణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. బావ లేచి, మట్టి కూడా దులుపుకోకుండా, నా బల్ల పక్క నుంచే బయటికి వెళ్లిపోయాడు. పగిడీ ఆ సాయంత్రమే ఇంకొక శిష్యుడికి కట్టారు. మరునాడు అక్క మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఊరంత నోరు మూసుకున్నది, నీకే ఎందుకురా గంత తొందర? నీ అక్క మొగడే కనపడ్డడా నీ నిజానికి?" అని ఏడ్చి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. బావ మళ్లీ తాలీం గడప తొక్కలేదు. ఆరేళ్లు నాతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే నా వెనకున్నవారిని చూసి నవ్వేవాడు.

ఆ తర్వాత బస్తీలోకి కేబుల్ వచ్చింది, దాని వెంట ఈ చెడ్డీల కుస్తీ వచ్చింది. ఒకనాడు అక్క కబురు పెడితే వెళ్లాను. బావ టీవీ ముందు కూర్చుని, వ్యాఖ్యాత అరుపులు వింటూ, తల తిప్పకుండా, ఆరేళ్ల తర్వాత నాతో మొదటి మాట అన్నాడు. "కూసో. ఈడు మంచిగ చెప్తుండు." అప్పటి నుంచి కూర్చుంటూనే ఉన్నాను. నిజమైన మట్టిలో నిజంగా పోరాడిన మనిషి, ముందే రాసిపెట్టిన ఈ తమాషాను నోరు తెరుచుకుని చూడటం నాకు అంతుపట్టేది కాదు. ఇదంతా ముందే కుదుర్చుకున్నదని నేను మూడు నెలల డైరీలు పట్టుకెళ్లి నిరూపించాను కూడా. ఆయన అన్నీ విని, "తెలుసు" అని, మళ్లీ టీవీ వైపు తిరిగాడు. అంతకన్నా విసుగు పుట్టించే జవాబు ఉంటుందా చెప్పండి.

మొన్న బావ అడిగినది విని ఇంటికి వచ్చి, ఆదివారం పొద్దున్నే అటక మీది పెట్టె దింపి ఆ ఏటి డైరీ వెతికి పట్టుకున్నాను. ఇన్నేళ్లుగా నేను మనసులో ఒక వాదన సిద్ధం చేసుకుని ఉంచాను: నేనెక్కడ కూర్చున్నాను, గుంట అంచు నాకెంత దూరం, వెలుగు ఎటు నుంచి పడుతోంది. అంచు దూరం అడుగుల్లో కూడా ఉంది. నాది తప్పు కాదని ఏ కోర్టులోనైనా నిలబడే సాక్ష్యం. ఆ డైరీ పట్టుకుని అప్పుడే బస్సెక్కి వెళ్లి, బావ ఎదుట కూర్చుని, కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివాను. బావ టీవీ ఆపి మరీ విన్నాడు. నేను దూరాలూ నిమిషాలూ ముగించి, రెండు భుజాలూ ఆనడం పక్కా అని రాసుకున్న చివరి వాక్యం చదివేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గది నాకు తెల్వదా? ఆనినయో లేదో నా వీపును అడుగుతె చెప్పకపోవునా? నువ్వు చూసింది కరెక్టే."

నలభై ఏళ్లు నేను మోసిన వాదనకు ఎదుటి పక్షమే లేదు. మరి కోపం దేనికని అడిగాను. నా గొంతు కొంచెం లేచింది, అక్క వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది.

"ఉస్తాద్ మొకం నువ్వు చూడలే. నేను చూసిన. ఆయన చెయ్యి లేపుతలేడు. లేస్తవా, లేస్తవా అన్నట్టు నన్నే చూస్తుండు. నువ్వు మైకుల అన్నంక ఆయన చెయ్యి లేపక తప్పలే. ఇంకొక్క గడియ ఆగితివా..."

ఆగితే లేచేవాడివా అని అడిగాను.

బావ రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరికి తెల్సు? గదే కద నేను అంటున్నది," అన్నాడు.

ఉస్తాద్ అలా చూస్తూ ఉండిపోవడం న్యాయం కాదు. భుజాలు ఆనాక లేచినవాణ్ణి నిలబెట్టడం మన కుస్తీలో లేదు, ఆ కుర్రవాడికి అది అన్యాయమే అయ్యేది. ఆ మాట బావతో కూడా అన్నాను, నేను నేనే కదా. ఆయన కాదనలేదు. నవ్వి, "అందుకే గీ కుస్తీ చూస్తుంట. ఈళ్లు అబద్ధమే ఆడుతరు, గని పడ్డోనికి మూడు లెక్కవెడుతరు," అని టీవీ పెట్టాడు.

ఆ తాలీం ఇప్పుడు లేదు. మట్టి గుంటను పూడ్చి గచ్చు చేసి, గోడలకు నిలువుటద్దాలు బిగించారు, వాటిలో ఎవరికి వారే తమను చూసుకుంటూ బరువులెత్తుతున్నారు. ఉస్తాద్ పోయి చాలాకాలమైంది. పగిడీ కట్టించుకున్న శిష్యుడూ పోయాడు. ఆ పట్టుల పేర్లు రాసి ఉన్న నా పుస్తకం చదివితే అర్థమయ్యేవాళ్లు ఈ ఊళ్లో పదిమంది కూడా ఉండరేమో. ఇప్పుడు కుస్తీ అంటే దీపాలూ పొగా కుర్చీలూ, ఏ శనివారమూ ఏదీ చూసి ఎరుగని ఈ వ్యాఖ్యాతా. నాకు అతని మీద విసుగు ఏమీ తగ్గలేదు. ఈ శనివారం కూడా గీతలు గీశాను, ఏడు వచ్చాయి. కానీ నెరిసిన గడ్డపాయన వెల్లకిలా పడి, రిఫరీ అరచేత్తో నేల మీద ఒకటి చరిచి, రెండు చరిచి, మూడోదానికి చెయ్యి మళ్లీ పైకెత్తినప్పుడు, అంతదాకా ఆగకుండా వాగిన ఆ వ్యాఖ్యాత ఉన్నట్టుండి ఊపిరి బిగపట్టి నోరు మూసుకుంటాడు. అంత చేతకాని మనిషికి కూడా ఆ కొద్దిసేపు మౌనంగా ఉండాలని తెలుసు. బావ ముందుకు వంగుతాడు. నేను కలం పక్కన పెట్టేస్తాను.