లీజుకిచ్చినం

కారు గుద్దుకున్న రోజు నాకు కోపం రాలేదు. ఆ తరువాత కలిసిన మనుషుల మీద వచ్చింది, ఇంకా పోలేదు.

నేను రాయచూరు దగ్గర కరెంటు ప్లాంటులో ఇంజనీరుని. మాది గుంటూరు వైపు. మా ప్లాంటులో ఉద్యోగులకు కారు లీజుకు ఇప్పిస్తారు. కారు లీజు కంపెనీ పేరు మీదే ఉంటుంది, బీమా వాళ్లే చేయిస్తారు, నెలనెలా అద్దె మన జీతంలోంచి కోసుకుంటారు. మన జేబులో ఉండేది తాళం ఒక్కటే. ఆ తాళం చూసుకుని నేను రెండేళ్లు మురిసిపోయాను, వెర్రివాణ్ణి.

ఒక ఆదివారం మా మామగారిని వాళ్ల ఊరు మల్లట్‌లో దింపడానికి వెళ్తుంటే, కవితాళ బజారులో ఒక వడ్ల ట్రాక్టరు చూడకుండా వెనక్కి వచ్చి మా కారు ముక్కు పచ్చడి చేసింది. మా ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. ట్రాక్టరుకు నంబరు ప్లేటే లేదు, ఇక బీమా సంగతి చెప్పేదేముంది! కారుని రాయచూరుకు లాక్కెళ్లారు. రిపేరుకు రెండున్నర లక్షలన్నారు.

సర్వీసు సెంటరు మేనేజరు దగ్గర ఏసీ ఉంది, కాఫీ మిషను ఉంది, మెడలో టై ఉంది. మా కారుకు కావలసిన సామాను మాత్రం లేదు. నెల రోజులు "రేపు సార్" అంటూ గడిపాడు. లీజు కంపెనీకి ఫోను చేస్తే ఒకమ్మాయి గొంతులో తేనె పోసుకుని, కారు రిపేరులో ఉన్నా అద్దె ఆగదని చెప్పింది. కారు తిరగని రోజులకు పరిహారం ఇస్తామని పాలసీలో ఉంది కదా అంటే, అది క్లెయిము పాసయ్యాకే అంది. అంటే అంతా క్లెయిము మీదే ఉంది. అది రాకపోతే రెండున్నర లక్షలు నా నెత్తిన పడతాయి, కదలని కారుకు కట్టే అద్దె దానికి కొసరు.

విచారణకు బీమా కంపెనీ తరఫున బెంగళూరు నుంచి ఒక ఇన్వెస్టిగేటరు దిగాడు. నల్ల కళ్లద్దాలు, మెరిసే బూట్లు. దుమ్ము అంటుతుందేమోనని మా వీధిలో కాళ్లెత్తి నడిచాడు. ట్రాక్టరుని వెతికే ఊసే ఎత్తలేదు. నాతో పది నిమిషాలు మాట్లాడి, సాక్షిని చూడాలని మల్లట్ వెళ్లాడు. సాక్షి అంటే కార్లో నా పక్కన కూర్చున్న మా మామగారే.

ఇక్కడ లీజు అనే మాటకున్న అర్థం చెప్పాలి. ఈ కర్ణాటకలో ఇల్లు లీజుకు తీసుకోవడమంటే నెలనెలా అద్దె కట్టడం కాదు. ఇంటివాడికి ఒకేసారి కొన్ని లక్షలిచ్చి, అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. రాయచూరులో మేముండే ఇల్లు అలాంటిదే. ఆ లక్షల్లో సగం మా మామగారు పత్తి అమ్మి ఇచ్చినవి. కారు కూడా అలాగే తీసుకున్నామని ఆయన నమ్మకం. నేనూ విడమరిచి చెప్పలేదు. జీతంలో కోత పడుతోందని పిల్లనిచ్చిన మామ ముందు ఎవడు చెప్పుకుంటాడు?

కారు ఎవరిదని ఇన్వెస్టిగేటరు కన్నడంలో అడిగాడట. మామగారు దర్జాగా "లీసిగె కొట్టీవ్రి" అన్నాడు. లీజుకిచ్చినం అని. ఆయన లెక్కలో ఇచ్చింది డబ్బు. ఆ ముక్క చెప్పకపోయినా ఊళ్లో ఎవరికైనా తెలుస్తుంది. కళ్లద్దాల వాడు మాత్రం ఇచ్చింది కారు అని రాసుకున్నాడు. ఎవరికిచ్చారు అని ఇంకొక్క మాట అడిగితే అక్కడే తేలిపోయేది. అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోవూ! పది రోజులకు ఉత్తరం వచ్చింది. సొంతానికి వాడుకోవలసిన కారుని అద్దెకు తిప్పుతున్నందున క్లెయిము చెల్లదట.

రాయచూరులోని బీమా ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి ఆఫీసరు ఫైలు చూసి, పళ్లు కుట్టుకుంటూ సలహా చెప్పాడు.

"సాక్షికి సదువు రాదు, లీజంటే ఏందో తెల్వదు అని బాండు పేపరు మీద రాపిచ్చి ఏలిముద్ర ఏపియ్యుండ్రి సార్. వారంల పాసైతది."

"ఆయనకి బాగా తెలుసండీ. ఇంటి లీజు లాంటిదే అనుకున్నారు. అదే రాసిస్తాను."

"గా కిస్సా అంత రాస్తే ఫైలు బెంగళూరు పోతది. ఆర్నెల్లు పడ్తది. ఇగ మీ మర్జీ."

దేవుడు ఈ మనిషికి బుర్ర పెట్టాల్సిన చోట రబ్బరు స్టాంపు పెట్టాడు అనుకున్నాను. అనుకుని, వాడు చెప్పినట్టే టైపు చేయించాను.

మామగారిని నోటరీ దగ్గరికి తీసుకెళ్లాను. కాగితం ఇంగ్లీషులో ఉంది.

"ఏం రాసిండ్రు అల్లుడా?"

"మీరు చెప్పింది వాళ్లు తప్పుగా అర్థం చేసుకున్నారని, మావయ్యా."

ఆయన సరేనని జేబులోంచి పెన్ను తీశాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చదువుతాడాయన. పత్తి మండీలో తోటి రైతుల కాగితాలు చదివి పెట్టేది కూడా ఆయనే. నోటరీ సిరా పెట్టె ముందుకు తోసి, పెన్నెందుకు, చదువు రానివాడివని కదా ఇందులో రాసింది, అని కన్నడంలో అన్నాడు.

మామగారు నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆయన పెన్నుకు మూత పెట్టుకుని, ఏ చెయ్యి అని నోటరీనే అడిగాడు.

క్లెయిము వారంలో కాదు, మూడు వారాలకు పాసైంది. ఆ మేనేజరునీ, కళ్లద్దాల వాణ్ణీ, ఆఫీసరునీ ఇన్నాళ్లూ ఎంత తిట్టుకున్నానో! వాళ్లకు మా మామగారు ఎవరో తెలియదు. నాకు తెలుసు. ఆ లెక్కన వాళ్లకంటే నేనే నీచుణ్ణి.

కారు చేతికొచ్చాక, నేనూ మా ఆవిడా మల్లట్ వెళ్లాం. ఇంట్లో ఎవరిదో పెళ్లిపత్రిక ఉంటే, ముహూర్తం ఎన్నింటికి నాయినా అంటూ మా ఆవిడ ఆయన చేతికివ్వబోయింది. ఆయన చెయ్యి చాపలేదు.

"మీ ఆయనకియ్యి బిడ్డా. నాకు సదువు రాదని కాయిదం రాసిచ్చిన."