జున్ను, దూడ, నా అయిదు కిలోలు

కామాఠిపురాలో మా సందు చివరి గుడి పక్కన ఒక అవ్వ ఆవును కట్టేసి, దానికి తినిపించడానికి వచ్చేవాళ్లకు గడ్డి కట్టలు అమ్ముతుంది. పోయిన శ్రావణంలో ఆవు ఈనింది. దూడ నీరసంగా ఉందని పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, మొదటి రోజు దాని బరువులో పదో వంతు ముర్రుపాలు తాగించమన్నాడు. మిగిలినవే మనుషులకు.

జున్ను కోసం మా చాల్‌లోని గదుల వాళ్లంతా అప్పటికే గిన్నెలు కడిగి పెట్టుకున్నారు. ఆ ఫోన్ తర్వాత అందరి కళ్లకూ దూడ చిక్కిపోయింది.

"గింతుంది! పది కిలోలు సుత లేదు," అంది పక్కింటి అత్త.

పాలమూరు నుంచి వచ్చి కట్టడం పనిచేసే మామ దూడను భుజాన వేసుకుని రెండడుగులు నడిచాడు. ఆయనకు ఏ బరువైనా సిమెంటు బస్తాల్లోనే తెలుస్తుంది.

"పావు బస్తా," అని తీర్పు చెప్పాడు. అంటే పన్నెండున్నర కిలోలు.

"నీ భుజం మొద్దుబారింది కొడకా! జున్ను కోసం నా దూడను మాడుస్తరా? కాంటా తెండ్రి!" అంది అవ్వ.

పాత కాగితాలు కొనే రద్దీ దుకాణం నుంచి కాంటా వచ్చింది. దూడ దాని మీద నిలబడలేదు. ఎవరైనా ఎత్తుకుని ఎక్కాలి. గుంపులో నోరు మెదపనిదాన్ని నేనొక్కదాన్నే కనుక దూడ నా చేతుల్లోకి వచ్చింది. ఇద్దరం కలిసి డెబ్బై అయిదు. నన్ను విడిగా తూచేలోపే పాత కాగితాల టెంపో వచ్చింది, దుకాణదారు కాంటా తీసుకుపోయాడు.

"నీ బరువెంత బిడ్డా?" అంది అవ్వ. సందంతా నా వైపు తిరిగింది.

యాభై మూడు.

"నలభై ఎనిమిది," అన్నాను.

"అంటే దూడ ఇరవై ఏడు!" అవ్వ చప్పట్లు కొట్టింది.

"అరే దేవా! పావు బస్తా కాస్తా సగం దాటింది," అంది అత్త. మామ తన భుజాన్ని అనుమానంగా తడుముకున్నాడు.

నిజం చెబితే దూడకు అర లీటరు తగ్గేది. నేను నోరు మూసుకున్నది జాలితో కాదు, సిగ్గుతో.

సాయంత్రం మా ఇంటికి రెండు చెంచాల జున్ను వచ్చింది. "అంత బరువు దూడ ఎందుకు పుట్టాలె?" అని అమ్మ నిట్టూర్చింది. నా చెంచా నేను మెల్లగా తిన్నాను.

మూడో రోజుకు దూడ సందులో గంతులు వేసింది. అవ్వ నన్ను పిలిచి, ఆవుకు పెట్టమని గడ్డి కట్ట ఊరికే ఇచ్చింది.

"గింత బక్క పిల్లవు, అంత దూడనెట్ల ఎత్తినవే?"

ఇంటికొచ్చి డైరీ తీశాను. అందులో మాత్రం దూడ ఇరవై రెండు.