ఖురియాత్‌లో సాలిం గారి ఆవిరి గది

ల్యూద్మిలా మేడం మూడోసారి ఫోన్ చేశాక ఇక రానని చెప్పలేకపోయాను. ఆవిడది రష్యా. భర్త సాలిం గారు ఒమాన్ మనిషే. కుర్రతనంలో ఇంజనీరింగ్ చదవడానికి రష్యా వెళ్ళి అక్కడే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నారు. పోయిన ఏడు, నేనుండే సహం ఊళ్ళోని తన చెల్లెలి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి జబ్బుపడి, నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో, నా వార్డులోనే పోయారు. ఆ మధ్యాహ్నం డ్యూటీ నాది. ఇక్కడి పద్ధతి ప్రకారం మేడం నాలుగు నెలల పైగా గడప దాటలేదు. ఆ గడువు తీరాక మొదలయ్యాయి ఈ ఫోన్లు. ఖురియాత్‌లో మా ఇంట్లో రష్యన్ ఆవిరి స్నానం ఉంది, ఒకసారి వచ్చి చేసి వెళ్ళు సిస్టర్ అని. మనిషి పోయిన ఇంటికి స్నానానికి పిలవడమేమిటో నాకు అర్థం కాలేదు.

జనవరిలో రెండు రోజులు వరసగా ఆఫ్ దొరికింది. గురువారం పొద్దున్న ఆరున్నరకి సహంలో మస్కట్ బస్సెక్కాను. పక్క సీటులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ కూర్చున్నాడు. తెలుగు వినగానే మాట కలిపాడు. ఎక్కడికి పోతున్నావంటే ఆవిరి స్నానానికని చెప్పాను. ముందు నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు.

"సైట్ల మేం దినాం చేసేది గదే గదక్కా" అన్నాడు. ఆ తరవాత, పోయిన ఎండాకాలం తమ రూమ్ పిల్లగాడొకడు డ్యూటీలో కూలబడి మళ్ళీ లేవలేదని చెప్పాడు. పేరు అడిగితే చెప్పి కిటికీ వైపు తిరిగాడు. బర్కాలో దిగిపోయాడు.

తొమ్మిదిన్నర దాటాక మస్కట్‌లోని రువీలో దిగి, మలయాళీల హోటల్లో రెండు ఇడ్లీలు తిని టీ తాగాను. కడుపు నిండా తినొద్దని మేడం ముందే హెచ్చరించారు. ఖురియాత్‌కి షేర్ టాక్సీ నిండేసరికి గంట పట్టింది. ఊరు దాటగానే ఎటు చూసినా కొండలే, గడ్డిపరక లేని బూడిదరంగు కొండలు. నాతో పాటు ఎక్కిన ముగ్గురూ బెలూచీ జాలర్లు, దారంతా నిద్రపోయారు. పన్నెండున్నరకి మేడం ఇంటి గేటు ముందు దిగాను. వీధి చివర సముద్రం ఉంది. ఎండబెట్టిన చేపల వాసన ఇంట్లోకి కూడా వస్తోంది.

ఆసుపత్రిలో చూసినప్పటికన్నా మేడం బాగా చిక్కిపోయారు. అలవాటుకొద్దీ ముందు బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. వేసుకుంటున్నానన్నారు. మా మాటలు సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ. పల్చటి కూరగాయల సూపు, ఒక రొట్టె ముక్క పెట్టి, పెరట్లోకి తీసుకెళ్ళారు.

పెరట్లో కొయ్య గది ఉంది. లోపల అటకల్లాగా మూడు మెట్ల బల్లలు, మూలన పెద్ద ఇనప పొయ్యి, దాని మీద నల్లటి రాళ్ళు. పైకి పోయినకొద్దీ వేడి. సాలిం గారు సెలవు రోజుల్లో రెండేళ్ళపాటు సొంత చేతులతో కట్టారట. పొద్దుటి నుంచీ తుమ్మకట్టెలు మండుతున్నాయి. పొగ బయటికి పోయే గొట్టం ఒకటుంది. గదిలో కట్టెల వాసన తప్ప పొగ లేదు.

ముందు నా చేత గొలుసు, చెవిదుద్దులు, ఉంగరం తీయించారు. లోహం కాలి చర్మం మీద అచ్చుపడుతుందట. సబ్బు చివరిదాకా ముట్టకూడదు. తల తడపకూడదు, తలకి దళసరి ఉన్ని టోపీ పెట్టుకోవాలి. ఈ దేశంలో ఉన్ని టోపీ పెట్టుకుంటానని నేనెప్పుడూ అనుకోలేదు. ఒంటికి పల్చటి దుప్పటి చుట్టుకుని కింది బల్ల మీద కూర్చున్నాను. మొదటిసారి రాళ్ళ మీద నీళ్ళు పోయరు. పొడి వేడిలో ఊరికే కూర్చుని చెమట పట్టనివ్వాలి. గుండె దడ మొదలవగానే లేచి వచ్చెయ్యాలి. బయట బకెట్ నీళ్ళు ముందు కాళ్ళ మీద, తరవాత భుజాల మీద పోసుకుని, దుప్పటి కప్పుకుని తేనె వేసిన టీ తాగుతూ ఒళ్ళు చల్లబడేదాకా కూర్చున్నాం. తొందరపడితే అది స్నానం కాదు, శిక్ష అన్నారు మేడం.

రష్యాలో అయితే అక్కడి చెట్ల కొమ్మలు కట్టగా కట్టి ఒళ్ళంతా కొడతారట. ఇక్కడ అవి దొరక్క సాలిం గారు వేపకొమ్మలు మొదలుపెట్టారు. గోరువెచ్చటి నీళ్ళలో నానుతున్న ఆ కట్టని చూస్తే, చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు మా నాయనమ్మ నా మంచం చుట్టూ పరిచిన వేపమండలు గుర్తొచ్చాయి. మేము చర్చికి పోయేవాళ్ళమే అయినా ఆవిడ అది మానలేదు.

రెండోసారి లోపలికి వెళ్ళాక మేడం పై బల్ల మీద బోర్లా పడుకున్నారు. నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి చేతికి పొడుగు కాడ గరిటె ఇచ్చారు. వేడినీళ్ళే పోయాలి, కొంచెం కొంచెంగా, పక్కకి జరిగి. ఒక గరిటెడు పోశాను. రాళ్ళు బుస్సుమన్నాయి. ఆవిరి నేరుగా పైకెళ్ళి నెమ్మదిగా దిగింది.

"పద్దాయ్" అన్నారు మేడం కళ్ళు మూసుకునే.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. ఏమిటి దాని అర్థం అని అడిగాను. ఇంకొంచెం నీళ్ళు పోయ్, ఇంకా వేడి కావాలి అని; ఆవిరి గదిలో అనే మాట అని చెప్పి, నేను కదలకపోయేసరికి తలెత్తి చూశారు.

చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆవిడ ఇంత దూరం పిలిచింది స్నానం కోసం కాదని, ఆయన చివరి గంట గురించి వినడానికేనని అప్పటికి నాకు తెలిసిపోయింది. ఆయన పోయిన మధ్యాహ్నం మేడం భోజనానికి ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. అదే సమయంలో సాలిం గారికి వణుకు పుట్టింది. వణుకుతూ ఈ మాటే అన్నారు, మూడు నాలుగుసార్లు. ఎవరి పేరో అనుకున్నాను. మంచం పక్కనున్న ఆయన చెల్లెల్ని అడిగితే, అలాంటి పేరుగలవాళ్ళు తమలో లేరంది. రెండు దుప్పట్లు కప్పాను. డాక్టర్ని పిలిచాను. డాక్టరు వచ్చాక సాలిం గారు ఎంతోసేపు బతకలేదు. ఇదంతా గరిటె పట్టుకుని నిలబడే చెప్పాను.

మేడం కిందికి దిగి నా చేతిలోంచి గరిటె తీసుకుని రాళ్ళ మీద పోశారు. మళ్ళీ పోశారు. చాలు మేడం అన్నాను. వినలేదు. ఆవిరి ముక్కులో మంటపెట్టింది, చెవులు కాలాయి. పొయ్యి కనపడలేదు, మేడం కనపడలేదు, బుస్సుమనే చప్పుడు మాత్రం ఆగలేదు. తడుముకుంటూ ఆవిడ మోచెయ్యి పట్టుకుని, భుజంతో తలుపు తోసి బయటికి లాగాను. చాప మీదికి ఒరిగిపోయారు. నాడి లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. కాళ్ళు స్టూలు మీదికెత్తి, టోపీ తీసేసి, తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. ఆంబులెన్స్‌కి ఫోన్ చేద్దామని లేచేలోపు కళ్ళు తెరిచి, వద్దని చెయ్యి ఊపారు. నాడి నెమ్మదించేదాకా మణికట్టు వదల్లేదు నేను.

"ఆయనకి చలేసిందా?" అని అడిగారు.

"వేసింది."

"అప్పుడు నేను అన్నం తింటున్నాను" అన్నారు.

మీ తప్పు కాదని రోగుల మనుషులకి రోజూ చెబుతుంటాను. ఆ పూట ఆ మాట నోటికి రాలేదు. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా తాగించాను.

సాయంత్రం పొయ్యి చల్లబడుతున్నప్పుడు, అతిథిని సగం స్నానంతో పంపకూడదన్నారు. తలుపు తెరిచే ఉంచాలి, ఆవిడ రాళ్ళ మీద నీళ్ళు పోయకూడదు అన్న షరతు మీద ఒప్పుకున్నాను. కింది బల్ల మీద బోర్లా పడుకున్నాను. వేపకొమ్మలతో ముందు పైన ఊపి వేడిని ఒంటి మీదికి దింపుతారు. తరవాత పాదాల నుంచి భుజాల దాకా మెల్లగా తడతారు, నడుము మీద అదిమి పడతారు. దెబ్బలా ఉండదు, వాన పడ్డట్టుంటుంది. నడుము దగ్గరికొచ్చాక ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. మళ్ళీ పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టారు.

రాత్రి ఆవిడ గది పక్కనే పడుకున్నాను. శుక్రవారం పొద్దున బీపీ చూశాను, పరవాలేదు. చేపల పులుసుతో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని తను మాత్రం టీ తాగారు. రష్యా వెళ్ళిపోతారా అని అడిగాను. అక్కడ ఎవరూ లేరన్నారు. ఇక్కడ ఎవరున్నారని నేను అడగలేదు. టాక్సీ వచ్చాక గేటు దాకా వచ్చారు. "ఇంకెవరూ నాకిది చెప్పేవాళ్ళు కాదు" అన్నారు. అది కృతజ్ఞతో నిష్ఠూరమో ఆవిడ ముఖంలో తెలియలేదు. మళ్ళీ రమ్మనలేదు.

మధ్యాహ్నం రువీలో బస్సెక్కాను. బస్సులో ఏసీ గట్టిగా వేశారు. ఇలాంటి స్నానానికి ఎవరైనా వెళితే ఒంటరిగా వెళ్ళొద్దు, ఒంట్లో బాగోలేనివాళ్ళు అసలు వెళ్ళొద్దు, ఎవరెంత బతిమాలినా దడ పుట్టాక కూర్చోవద్దు. ఒళ్ళు మాత్రం నిజంగానే తేలికపడుతుంది. నాకు పదేళ్ళుగా ఉన్న భుజం నొప్పి ఆ రోజు లేదు. మనసు కూడా తేలికపడుతుందని మేడం అనలేదు, నేనూ అనను.

సువైక్ దాటాక పక్కనున్న ముసలావిడ ఆవిరికి కమిలిన నా ముఖం చూసి, జ్వరమా అమ్మా, ఇంత ఎర్రగా ఉన్నావు అని అరబ్బీలో అడిగింది. కాదు, స్నానం చేసొస్తున్నానన్నాను. ఆవిడ నమ్మలేదు. తన శాలువాలో సగం తీసి నా మీద కప్పింది. వద్దనలేదు నేను.