మిషనమ్మ పరీక్ష ఎందుకు తప్పింది

మిషనమ్మ అరిచి గెలవడం నేనెన్నడూ చూడలేదు, అడిగి గెలవడమే చూశాను. ఒకసారి ఒక లాయరు ఆమె కుట్టిన కొత్త కోటు తొడుక్కుని దుకాణం గుమ్మంలో నిలబడి వీధి దద్దరిల్లేలా అరిచాడు. ఎడమ చెయ్యి పొట్టిగా కుట్టిందట. ఆమె దగ్గర కాజాలు కుట్టేదాన్ని నేను; సూది పక్కనపెట్టి నాలుగు దులుపుదామని లేస్తుంటే, కళ్ళతోనే నన్ను కూర్చోబెట్టింది.

"ఎక్కడ పొట్టయింది సార్, వేలుపెట్టి చూపించండి."

"కళ్ళు కనపడట్లేదా? ఇదిగో, మణికట్టు దగ్గర!"

"ఆ భుజం మీది సంచి ఒక్కసారి దించండి."

కాగితాలతో బండరాయిలా ఉన్న సంచి దించాడు. భుజం కిందికి దిగింది, దాంతోపాటు కోటు చెయ్యీ మణికట్టు మీదికి దిగింది. లాయరుగారు సంచి రెండో భుజానికి మార్చుకుని వెళ్ళిపోయాడు.

అలాంటి మనిషిని చదువు ఏడిపించింది. మోకాళ్ళు అరిగి మిషన్ తొక్కడం కష్టమైపోయింది ఆమెకు. కుట్టు నేర్పే శిక్షణ కేంద్రంలో పంతులమ్మ ఉద్యోగం ఖాళీ అయింది గానీ డిగ్రీ ఉండాలన్నారు. ఇంటి దగ్గరే చదువుకునే డిగ్రీ కట్టింది. పుస్తకాన్ని దారపు ఉండకి ఆనించి, కత్తెర మొనతో పేజీలు తిప్పుతూ, గుడ్డ అంచులు మడుస్తూ చదివేది. అన్నీ పాసై, ఆఖరి పేపరు తప్పింది. ఈ నెలాఖరుకి పట్టా చూపించకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళింది. కిటికీ వెనకాల కుర్రగుమాస్తా తల కూడా ఎత్తలేదు.

"గ్రేడు వచ్చిందిగా, ఇంకేం కావాలి?"

"ఎందుకొచ్చిందో కావాలి బాబూ."

"కారణాలు మేం చెప్పం. డిపార్ట్‌మెంటుకి వెళ్ళండి."

డిపార్ట్‌మెంటువాళ్ళు పరీక్షల విభాగం అన్నారు. పరీక్షల విభాగం మెట్లెక్కితే, మళ్ళీ ఆ కిటికీయే! నా తల తిరిగిపోయింది.

"ఏరా అబ్బాయ్, జాకెట్టు పాడుచేసిన దర్జీ కూడా ఎందుకు పాడైందో చెప్పి ఛస్తాడు. మీకు నోళ్ళు కుట్టేశారా?" అన్నాను.

"పెద్దమ్మా, నువ్వు ఊరుకో," అంది మిషనమ్మ. "ఎక్కడ తప్పానో ఒక్కసారి చూపించు బాబూ, వెళ్ళిపోతాం."

అదే మాట ఎన్నిసార్లు అందో! నాకైతే విని విని చెవులు తుప్పు పట్టాయి. చివరికి వాడికే విసుగెత్తి, ఆమె జవాబు పత్రం తీయించి, ఒక లెక్చరరమ్మ దగ్గరికి పంపాడు.

లెక్చరరమ్మ పేజీలు తిప్పి అంది: "బాగానే రాశావమ్మా. కానీ ప్రతి జవాబూ కుడి పేజీలో సగంలో ఆపేసి, మిగతాది ఎడమ పేజీలో రాశావేం? ఎడమది చిత్తుపనికి. అక్కడిది దిద్దరు. అట్ట మీద అచ్చేసి ఉంది చూడు."

మిషనమ్మ అట్ట తిప్పి, ఆ అచ్చు మీద వేలుపెట్టి చదువుకుంది.

"అలవాటండీ," అంది చివరికి. "గుడ్డ కుడితే లోపల కొంచెం వదులుతాం కదా, తర్వాత విప్పి పెంచుకోడానికి. ముందు అన్నిటికీ తలా కొంచెం రాసి, తీరిగ్గా లోపలివైపు, ఆ ఎడమ పేజీలో, పెంచుకున్నాను."

"అయ్యో! మరి మిగతా పేపర్లలో?"

"వాటికి టైమే చాల్లేదండీ. తిన్నగా రాసి ఇచ్చేశాను. ఇదొక్కటే బాగా వచ్చింది."

వినగానే నా ఒళ్ళు మండిపోయింది. రానివన్నీ పాసవడం, వచ్చింది తప్పడం! ఆ రాసిందేదో చదివి మార్కులేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? లెక్చరరమ్మ మొహం చిన్నబోయింది గానీ, నిబంధన నిబంధనే అంది. మళ్ళీ రాయొచ్చట, వచ్చే ఏడాది.

తిరిగొచ్చే బస్సులో, దుకాణం మలుపు వచ్చాక మిషనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, రేపు శిక్షణ కేంద్రానికి నువ్వే వెళ్ళి చెప్పు, నేను పరీక్ష తప్పానని. ఎందుకని అడిగితే మాత్రం, నీకు తెలీదని చెప్పు."