మామ చేపల నుదురు

కోదాడలో మా మేనమామ పోయాడని సోమవారం పొద్దున కబురొచ్చింది. సూర్యాపేట నుంచి బస్సులో ఏడుస్తూనే బయలుదేరాను. దారి మధ్యలో నవ్వొచ్చింది. ఆయన్ని తలుచుకుంటే నవ్వు రాక మానదు. నా పెళ్లి చెడగొట్టబోయిన కథ చెబుతాను, ఎలాంటి మనిషో మీకే తెలుస్తుంది.

మామ దవాఖానలో కాంపౌండరు. నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన ఇంట్లోనే పెట్టుకుని సాకాడు. కిటికీ దగ్గర పెద్ద గాజు జాడీలో వేలెడంత పసుపు చేపలు రెండుండేవి. బెజవాడ వైపు పడవవాడెవరో తెచ్చిచ్చాడు. పొద్దున్నే గోలెంలోని దోమ పురుగులను గుడ్డతో వడగట్టి వాటికి వేశాకే మామ చాయ్ తాగేవాడు. ఒక చేపకు కళ్లపైన నుదురు ఉబ్బి గుండ్రంగా ఉండేది. రెండోదానికి మూతిదాకా చదునుగా జారిపోయేది.

“గుండ్రం నుదురుది మగది. గుడ్లను గదే కాస్తది,” అనేవాడు. మనుషులనూ అదే లెక్కన చూసేవాడు.

రజాకార్ల గొడవ సద్దుమణిగి బస్సులు మళ్లీ తిరుగుతున్న రోజుల్లో మిర్యాలగూడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి సూర్యాపేట బడిలో పంతులు. పెళ్లిచూపులకు వచ్చి, జాడీ దగ్గర నిలబడి, చేపలు బెదురుతాయని గొంతు తగ్గించి మాట్లాడాడు. నాకు నచ్చాడు. సిగ్గుపడకుండానే రాస్తున్నాను. వాళ్లు వెళ్లగానే మామ పెదవి విరిచాడు.

“పిలగాడు మంచోడే. గని నుదురు సూడు, పలక లెక్క ఉన్నది. సంసారం ఏం కాస్తడు?”

ఇంట్లో ఆయన మాటే మాట. వద్దని కబురు వెళ్లింది. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ చేపలంటేనే ఒళ్లు మండింది.

నాలుగో రోజు మామ కేకేశాడు. “బిడ్డా, జర గిటు రా!”

జాడీలో వేసిన పెంకు మీద గుండ్రం నుదురు చేపే గుడ్లు పెడుతోంది! చదును నుదురుది పక్కనే కాపలా ఉండి, గుడ్ల మీదికి రెక్కలతో నీళ్లు విసురుతోంది. మామ గాజు మీద వేలు పెడితే, లోపలి నుంచి ఆ వేలినే పొడవబోయింది.

“ఇన్ని దినాలు తప్పు చెప్పిన!” అని పకపకా నవ్వాడు. ఆ పూటే బస్సెక్కి మిర్యాలగూడ పోయి, అబ్బాయి తండ్రి ముందు చేతులు జోడించి, “తప్పు నాదే అయ్యా. మా చేప నాకు బుద్ధి చెప్పింది,” అని ఉన్నదంతా చెప్పేశాడట. పెద్దరికం పోతుందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంటిల్లిపాదీ నవ్వారట. అబ్బాయి నుదురు రుద్దుకుంటూ, “మరి దీన్నేం చెయ్యమంటరు?” అన్నాడట.

“గట్లనే ఉండనియ్యి నాయనా,” అన్నాడట మామ.

పెళ్లయి మాకు పాప పుట్టినప్పుడు మామ దాని నుదురు నిమిరి, “నేనేం చెప్ప బిడ్డా. నాకు తెల్వదు,” అన్నాడు. ఆయన ఇచ్చిన దీవెనల్లో నాకు బాగా నచ్చింది అదే.

కర్మలు అయ్యాక మా ఆయన ఆ జాడీకి తడిగుడ్డ కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఈ పొద్దున నేను లేచేసరికి ఆయన ఇంకా తాగని చాయ్ చల్లారిపోతోంది. దోమ పురుగుల గుడ్డ తడి ఇంకా ఆయన చేతికి ఉంది. చంకలో పాప. ఇద్దరూ నుదుళ్లు గాజుకు ఆనించారు. అవతలి వైపు నుంచి చదును నుదురు చేప బెదరకుండా ఎదురొచ్చి నిలబడింది.