సంచులు ముందే బయలుదేరాయి

మా అన్న కాగితం మీద ఏం రాసినా అందులో నేను మనుషుల వరసలో ఉండను. బండి వరసలో ఉంటాను.

ఏడో తరగతిలో నేను బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా నడుస్తోంది. అన్న చదవగలిగినంతా చదివి, రాజేంద్రనగర్‌లో ఒక ఆఫీసు కుర్చీ సంపాదించి, అందులో కూర్చుని మా కుటుంబం మొత్తానికి ప్లాన్లు వేస్తుంటాడు. నేను శంషాబాద్‌లో అమ్మతో, భార్యతో, కూతురితో ఉంటూ ఎయిర్‌పోర్టుకు కారు తిప్పుతాను. ఏడు సీట్ల బండి. నాదే. కానీ అన్న దాన్ని "మన బండి" అంటాడు, నన్ను "బండి" అంటాడు. "బండికి ఫోన్ చేసి చెప్పు" అని మా వదినకు చెప్పడం నా చెవులతో విన్నాను.

తిరుపతి పోయినా విజయవాడ పోయినా ఒకటే పద్ధతి. టిఫిన్ దగ్గర ఆగగానే అన్న దిగి, ప్యాంటు పైకి లాక్కుని, "నువ్వు బండి చూస్కో" అంటాడు. అందరూ తిని వచ్చాక నేను వెళ్తాను. అప్పటికి చట్నీ అయిపోయి ఉంటుంది. లాడ్జిలో నా భార్యాబిడ్డలు గదిలో పడుకుంటారు, నేను సామాన్లకు కాపలాగా బండిలో, కాళ్లు కిటికీలోంచి బయటపెట్టి. ఒకసారి కుక్క ఒకటి వచ్చి నా అరికాలు వాసన చూసి, నచ్చక వెళ్లిపోయింది. మా వదిన ఈ సంగతి చుట్టాలందరికీ చెప్పి నవ్వింది. కుక్కే నయం. అభిప్రాయం ఏదో నా ముందే చెప్పి పోయింది.

మొన్న దసరా సెలవులకు అన్న మైసూరు ప్లాను వేశాడు. హైదరాబాదులో సగం మంది బెంగుళూరు రోడ్డెక్కే రోజులవి. గ్రూపులో కాగితం పెట్టాడు: గురువారం ఐదింటికి బయలుదేరుట, ఏడున్నరకు టిఫిన్, ఏడూ యాభైకి ఒంటికి. నాకు టైపు చేయడం రాదు కనక గొంతుతో మెసేజ్ పెట్టాను. "అన్నా, నాకు ఏడూ నలభైకే వస్తే ఎట్ల? ఆపుకోవాల్నా, అర్జీ పెట్టుకోవాల్నా?"

"సీరియస్ విషయంల జోకులొద్దు" అని జవాబొచ్చింది.

అడ్డం పడింది అమ్మ. "బేస్తారం దక్షిణం దిక్కు శూల. ఎవడన్న పోతడా?"

గురువారం దక్షిణానికి బయలుదేరకూడదని మా ఇంట్లో అమ్మ మాట. మైసూరు ఉన్నది దక్షిణానే. అన్న ఫోన్లో గట్టిగా వాదించాడు. గదులు దొరికినవే అదృష్టం, తేదీ మారిస్తే పోతాయి, ఈ కాలంలో ఇంకా శూలలేంటి అని. అంత మాట్లాడినవాడు చివర్లో గొంతు తగ్గించి, "మరి దానికి ఏమన్న ఉపాయం ఉన్నదా?" అని అడిగాడు. చదువుకున్నవాళ్ల భయం అట్లాగే ఉంటుంది, ముందు ఇంగ్లీషు మాట్లాడి వెనకాల నిమ్మకాయ కొంటారు.

ఉపాయం ఉంది. ప్రస్థానం పెట్టడం. మంచిరోజు చూసి సంచి సర్ది, పోయే దిక్కులో ఉన్న వేరేవాళ్లింట్లో పెట్టి రావాలి. సంచి బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తరవాత ఏ రోజు కదిలినా శూల తగలదు. ఒక్కటే షరతు. పెట్టిన సంచిని విప్పకూడదు, వెనక్కి తేకూడదు.

రాజేంద్రనగర్‌కు మేము దక్షిణం. సోమవారం పొద్దున అన్న స్కూటర్ మీద రెండు సంచులు తెచ్చి మా ముందుగదిలో మంచం కింద పెట్టి, నీళ్లయినా తాగకుండా వెళ్లాడు. మాకు దక్షిణాన రోడ్డు మీద నా దోస్తు, పంచరు దుకాణం భాయ్ ఉన్నాడు. మా సంచి, అమ్మ సంచి అక్కడ పెట్టాం.

భాయ్ సంచుల వంక చూశాడు. "అమ్మా, ఇవి నా దుకాన్లకెల్లి ప్రయాణం మొదలువెడ్తయా?"

"పెడ్తయి బిడ్డా. జర ఎవలు తొక్కకుంట చూడు."

"ఫికర్ జెయ్యకు. గాలి గూడ కొట్టి పెడ్త."

అట్లా సోమవారం నుంచే మేమందరం మైసూరు దారిలో ఉన్నట్టు లెక్క. ఎవరింట్లో వాళ్లం.

మంగళవారం అన్న లాడ్జి కాగితం గ్రూపులో పెట్టాడు, ఇంగ్లీషులో. నా కూతురు ఎనిమిదో తరగతి, అంటే నాకన్నా పెద్ద చదువు. చదవమన్నాను. మొదటి గది: పెదనాన్న, పెద్దమ్మ, వాళ్లబ్బాయి. రెండో గది: నానమ్మ, అమ్మ, తను. అక్కడ ఆగింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది డాడీ" అని తెర కింది భాగాన్ని చేత్తో కప్పి ఫోన్ పక్కన పెట్టబోయింది.

కింద ఇంకో వరస ఉంది. ఇంగ్లీషులో నేను గుర్తుపట్టే మాటలు నాలుగైదే. అందులో ఒకటి నా మెడలో కార్డు మీద ఉంటుంది, రోజూ చూస్తాను. 'డ్రైవర్' అని. పక్కన 'ఒకటి' అని అంకె. మిగిలింది పిల్ల చెప్పక తప్పలేదు. డ్రైవర్లు పడుకునే హాలు, కింద, ఉచితం.

బండిలో పడుకున్నన్నాళ్లూ నాకు ఇంత మండలేదు. నా బిడ్డ ఆ వరసను చేత్తో కప్పినప్పుడు మండింది. నా భార్య అది కూడా వదల్లేదు. "ఇన్నేండ్లు బండ్ల పన్నప్పుడు నోరు లేదుగని, కాగితం మీద చూస్తే వచ్చిందా?"

వచ్చింది. ఫోన్ చేశాను.

"అన్నా, కాగితంల డ్రైవర్ అని ఉన్నది. ఎవలు ఆయన? కొత్తగ ఎవర్నన్న పెట్టినవా?"

"అది ఫార్మాలిటీరా. గదికి ముగ్గురే. రెండు గదులు, ఆరుగురు. పండుగ రద్దీల మూడో గది యాడ దొరుకుతది?"

"ఉన్నది ఏడుగురం. ఒకర్ని తియ్యాలంటే నీ చెయ్యి సక్కగ నా పేరు మీదికే వచ్చిందా?"

"నువ్వెట్లైనా బండ్లనే పంటవ్ గదా. ఇప్పుడు హాల్ దొరికింది. ప్రమోషన్ అనుకో."

మా ఇంట్లో జోకులు వేసేవాడిని నేను. ఆ ఒక్కటీ కూడా లాక్కున్నాడు.

"సరే, నేను ప్రమోషన్ వద్దంటున్న. రాజీనామా. మనిషిగ రాస్తే వస్త, లేకుంటే వేరే బండి చూస్కో."

"చూస్కుంట పో. హైదరాబాద్‌ల నీ ఒక్కనికే ఉన్నదా బండి?"

దసరా ముందు హైదరాబాదులో ఖాళీ బండి దొరకడం అంటే మాటలు కాదు. బుధవారం మధ్యాహ్నం దాకా ఎవరెవరికో ఫోన్లు కొట్టాడని వదిన ద్వారా తెలిసింది. చివరికి నాకు కాక అమ్మకు చేశాడు. ప్లాను రద్దు, సాయంత్రం వచ్చి సంచులు తీసుకుపోతానని.

అమ్మ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని, ఎయిర్‌పోర్టు దాకా వినపడేటట్టు అరిచింది. "బయలెల్లిన సంచిని మళ్ల ఉత్తరం దిక్కు తిప్పుతవా? తిప్పినవంటే ఆ సంచి మళ్ల నా గడప తొక్కొద్దు, నువ్వు గూడ తొక్కొద్దు!"

నేను నవ్వాను. అమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "నువ్వెందుకు పండ్లు ఇకిలిస్తున్నవ్? నీ సంచి పంచరు దుకాన్ల లేదా? నువ్వు గూడ పోవాల్సిందే."

ఇద్దరం ఇరుక్కున్నాం. వాడు సంచులు తీసుకుపోలేడు, నేను ఇంట్లో కూర్చోలేను. ఆ మధ్యాహ్నం నేను మంచం మీద కూర్చుని వాడి సంచిని ముందుకు లాగి దాని మీద రెండు కాళ్లూ చాపుకుని, చేతిలో చాయ్ గ్లాసుతో ఫోటో దిగి గ్రూపులో పెట్టాను. వదిన గ్రూపులోంచి వెళ్లిపోయింది. అన్న గడ్డం గీసుకునే సామాను ఆ సంచిలోనే ఉందనీ, కొత్తది కొనడానికి మనసొప్పక సోమవారం నుంచి మాసిన గడ్డంతోనే ఆఫీసుకు పోతున్నాడనీ నా భార్యకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ రోజు రెండో చాయ్ కూడా తాగాను.

గురువారం తెల్లవారకముందే నేను స్నానం చేసి, తెల్ల యూనిఫాం మానేసి, పెద్ద పెద్ద పూలున్న చొక్కా వేసుకున్నాను. బండి కడిగి, టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, తాళంచెవి దానికే వదిలేసి, మధ్య సీట్లో అమ్మ పక్కన కూర్చున్నాను. నా భార్య, కూతురు వెనక సీట్లోకి ఎక్కారు.

అమ్మ మాట దాటలేక అన్న వాళ్లు ఆటోలో దిగారు. సంచులు తెచ్చి డిక్కీలో వేసుకుని, ముందు సీటు తలుపు తెరిచి, స్టీరింగు దగ్గర ఎవరూ లేరని చూశాడు.

"కానియ్యి, తియ్యి బండి. ఐదున్నర అయింది."

"డ్రైవర్ ఇంకా రాలే."

"అరేయ్, నాటకాలా?"

"కాగితంల డ్రైవర్ ఒకటి అని ఉన్నది. నేనైతే కాదు. నేను మా అమ్మతోని ఊరికి పోతున్న."

అన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ కిటికీలోంచి ఆకాశం చూసింది. వాడికి లైసెన్సు ఉంది, చాలా ఏళ్లుగా పర్సులో భద్రంగా ఉంది. పంతం పట్టి తలుపు దడాలున వేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వదిన పక్కన, కొడుకు వెనక.

మొదటిసారి బండి నిమ్మకాయల మీదికి ఎక్కి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి గానీ నిమ్మకాయలు నలగలేదు. వీధి దాటి పెద్ద రోడ్డెక్కేసరికి ముందూ వెనకా ఊరి బండ్లే, పైన కట్టిన సూట్‌కేసులతో. అన్న మోచేతులు బిగబట్టి, ముక్కు అద్దానికి ఆనించి నడిపాడు. భాయ్ దుకాణం ముందు మా సంచుల కోసం పక్కకు తీయబోతే, బండి సగం రోడ్డు మీద, సగం మట్టిలో, మూతి అడ్డంగా పెట్టి ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయడమే మరిచాడు.

భాయ్ సంచులు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి, కిటికీలోంచి అన్న మాసిన గడ్డాన్ని తేరిపార చూశాడు. అన్నను అతను ముందెప్పుడూ చూడలేదు. నా వైపు తిరిగాడు.

"సలాం భాయ్. ఈ కొత్త డ్రైవర్ను ఏడికెల్లి పట్టుకొచ్చినవ్? పాపం, పండుగ పూట గడ్డం గూడ గీస్కోలే."

"హాల్ ఫ్రీ ఇస్తరంటే వచ్చిండు" అన్నాను.

వదిన సీట్లోంచి లేవబోయి తల కొట్టుకుంది. "డ్రైవర్ కాదు, ఈయన అన్న!"

భాయ్ నాలుక కరుచుకున్నాడు. "మాఫ్ చెయ్యున్రి సార్." మళ్లీ నా వైపు వంగాడు. "మరి నువ్వెందుకు ఎనక కూసున్నవ్ భాయ్?"

"ఆయన్నే అడుగు."

లారీ ఒక్కటే మాట్లాడుతోంది. ఇప్పుడు రెండు కార్లు, ఒక బస్సు దానికి తోడయ్యాయి. బస్సులోంచి ఎవరో మా అన్న చదువు గురించి కాదుగానీ, పుట్టుక గురించి అడిగారు. అన్న మెడ వెనక చెమట కారడం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. నేను పూల చొక్కా గుండీ ఒకటి సర్దుకున్నాను.

వాడు ఫోన్ తీశాడు. లాడ్జికి చేశాడు. ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నాకు అర్థమైనవి మూడే మాటలు. డ్రైవర్. నో. బ్రదర్. ఆ మూడోది అవతలివాడికి వినపడక ఇంకోసారి అడిగినట్టున్నాడు. ఇంకోసారి, హారన్ల మీదుగా, అరిచి చెప్పాడు. వెనక సీట్లో నా కూతురు నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమన్నరు?" అన్నాను.

"ఇంకో మంచం లేదట. అమ్మ మా గదిలకొస్తది, మీ గదిల ఆమె మంచం నీకు, మా గదిల కింద ఒక పరుపు ఏస్తరట."

"పరుపు ఎవలికి?"

అన్న అద్దంలోంచి నన్ను చూశాడు. చిన్నప్పుడు నేను వాడి సైకిల్ ట్యూబులో ముల్లు గుచ్చినప్పటి చూపు.

"నాకే. చాలా?"

"చాలదు. గని దిగు, లారీ ఓడు ఏడుస్తున్నడు."

దిగాడు. నేను ఎక్కి, ఒక్క తిప్పులో బండిని తోవలో పెట్టాను. భాయ్ బయటినుంచి టైరు తట్టి పంపాడు.

అన్న మధ్య సీట్లో అమ్మ పక్కన కూర్చున్నాడు. గుంత వచ్చిన చోటల్లా తప్పించాల్సిన పని లేదనుకుని సూటిగా పోనిచ్చాను.

జడ్చర్ల దాటాక టిఫిన్ దగ్గర ఆపాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది, హోటల్ ముందు జాతరలా జనం, కార్లు. అన్న దిగి, అలవాటుగా ప్యాంటు పైకి లాక్కుని, నోరు తెరిచాడు. తెరిచి, ఆగాడు. తరవాత నా వైపు చూడకుండా, బండి ముందు టైరుతో చెప్పాడు.

"నువ్వు పో. బండి నేను చూస్త."

లోపలికి వెళ్లాను. అమ్మ పక్కన, నా బిడ్డ ఎదురుగా కూర్చున్నాను. గిన్నె నిండా చట్నీ ఉంది. నాలుగు ఇడ్లీలు తిన్నాను. అద్దంలోంచి చూస్తే అన్న ప్లాను కాగితం మడిచి నెత్తి మీద పెట్టుకుని, బండిని ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఏడూ యాభై ఎప్పుడో దాటిపోయింది.

కడుపు నిండింది. అయినా సర్వర్ను పిలిచి ఇంకో దోసె చెప్పాను. బాగా ఎర్రగా కాల్చమన్నాను. ఆలస్యమైనా పరవాలేదన్నాను.